మంచులో దుప్పి – మండుటెండలో జింక

శనివారం రాత్రి ఎనిమిది గంటలు. నాచారంలోని మా ఇంట్లో కుటుంబ ప్రార్థనకు కూర్చోబోతుండగా ఫోను మ్రోగింది. అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రం నుండి మా అమ్మాయి! అది జనవరి నెల. మాకిక్కడ ఒక్క దుప్పటి కప్పుకుంటే చాలినంత చలి. వారికక్కడ సున్నాకు దిగువన ఇరవై అయిదు డిగ్రీలు. తొమ్మిదేళ్ల మనవడు ఫోను చేతిలోకి తీసుకుని కిటికీ దగ్గరకు పరుగెత్తాడు. “తాతయ్యా, చూడు! అమ్మమ్మా, నువ్వూ చూడు!” అంటూ పెరడు చూపించాడు.

నేలంతా తెల్లని మంచు. ఆ మంచులో మోకాళ్ల లోతున మూడు దుప్పులు కదలకుండా నిలబడి ఉన్నాయి. వాటి వీపుల మీద కూడా మంచు పేరుకుని ఉన్నది. వెనుకనున్న పెద్ద చెట్టు కొమ్మల మీద నల్లగా ఏవో మూటల్లా కనబడ్డాయి. అవి అడవి టర్కీ కోళ్లట. రెండు రోజులుగా చెట్టు దిగలేదట.

నా భార్య ప్రాణం ఉసూరుమన్నది. “అయ్యో బిడ్డా! గంత మంచుల అవి ఏం తింటయ్? ఇంత అన్నమో, ఇన్ని మక్కలో పెట్టరాదు?” అన్నది.

“పెట్టకూడదు అమ్మమ్మా! పెడితే చచ్చిపోతాయి. మా టీచర్ చెప్పింది” అన్నాడు వాడు.

ఆమె మరి మాట్లాడలేదు. ప్రార్థన ముగిసి, దీపం ఆర్పిన తరువాత మాత్రం, “ఆకలిగొన్న దానికి అన్నం పెడితే చచ్చిపోవుడేంది?” అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు. నాచారం పారిశ్రామికవాడలో ముప్పై యేళ్లు యంత్రాల మధ్య పనిచేసిన వాణ్ణి. అడవి జంతువుల సంగతి నాకేం తెలుసు? కాని ఆ ప్రశ్న నన్ను వదలలేదు. పుస్తకాలు తిరగేశాను, తెలిసినవారిని అడిగాను. ఆ తరువాత మే నెలలో మన ఉప్పల్‌కు దగ్గరలోనే నా కళ్లతో కొంత చూశాను. అలా తెలుసుకున్నదే ఈ నెల మీతో పంచుకుంటున్నాను.

తక్కువ ఖర్చు – ఎక్కువ ఓర్పు

మనవడు చూపించినవి తెల్లతోక దుప్పులు. వాటి చలికాలపు సిద్ధపాటు మంచు పడక ముందే, ఆకులు రాలే కాలంలోనే మొదలవుతుంది. దొరికినంత కాలం ఓక్ గింజలు, మొక్కలు, పండ్లు బాగా తిని చర్మం కింద కొవ్వు పేర్చుకుంటాయి. వేసవిలో ఉండే ఎర్రని పలుచని బొచ్చు రాలిపోయి, బూడిద రంగు మందపాటి బొచ్చు వస్తుంది. పైనుండే వెంట్రుకలు లోపల బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచుతాయి. వాటి కింద ఉన్నిలాంటి మెత్తని పొర ఉంటుంది. ఒంటి వేడి బయటికి పోదు. అందుకే వీపు మీద పడిన మంచు కూడా కరగకుండా అలాగే ఉన్నది! మనం చూసి జాలిపడిన ఆ మంచే దాని దుప్పటి ఎంత మంచిదో చెప్పే గుర్తు.

ఇంతకంటె ఆశ్చర్యం మరొకటున్నది. నడి చలికాలంలో దుప్పి తనంతట తానే తిండి తగ్గించుకుంటుంది. ఎదుట మేత ఉన్నా తక్కువే తింటుంది. తిరుగుడు తగ్గిస్తుంది. గంటల కొద్దీ పడుకుని ఉంటుంది. ఒంట్లోని కొవ్వును కొద్దికొద్దిగా ఖర్చు చేసుకుంటుంది. వసంతం వచ్చేనాటికి బరువులో అయిదో వంతు పోగొట్టుకున్నా బ్రతికి బయటపడుతుంది. మంచు లోతు పెరిగినప్పుడు దేవదారు జాతి చెట్లు దట్టంగా ఉన్న చోటికి గుంపులుగా చేరతాయి. అక్కడ కొమ్మలే కప్పు. గాలి తక్కువ, నేల మీద మంచు తక్కువ. ఒకదాని వెనుక ఒకటి నడిచి దారులు త్రొక్కుకుంటాయి. ఆ దారి అన్నింటికీ ఉపయోగం.

గమనించారా? బలమున్నది గనుక బ్రతకటం కాదు. ముందుగా కూడబెట్టుకోవటం, ఉన్నది పొదుపుగా వాడుకోవటం, తగిన చోటికి చేరటం, ఓపికతో కనిపెట్టటం... ఇదీ వాటి పద్ధతి.

గింజలే విషమైన వేళ

ఇక మా ఇంట్లో పుట్టిన ప్రశ్న. అన్నం పెడితే ఎందుకు చస్తుంది?

పల్లెలో పశువులను సాకినవారికి ఇది చెబితే వెంటనే అర్థమవుతుంది. కట్లు తెంచుకున్న గేదె రాత్రివేళ జొన్నల కుప్ప మీద పడి కడుపునిండా మెక్కితే తెల్లవారేసరికి ఏమవుతుంది? డొక్క ఉబ్బి, నెమరు ఆగిపోయి, నేల మీద పడిపోతుంది. వేళకు వైద్యుడు రాకపోతే దక్కదు. అదే అన్నం ఎక్కువగా తిన్న మేకకూ జరుగుతుంది.

నెమరువేసే జంతువుల కడుపులో మొదటి అర ఒక పెద్ద పులియబెట్టే కుండ వంటిది. అందులో కంటికి కనబడని సూక్ష్మజీవులు కోట్లకొలదిగా ఉంటాయి. గడ్డినీ ఆకునూ జీర్ణం చేసేవి అవే. చలికాలంలో దుప్పి కడుపులోని సూక్ష్మజీవులు పుల్లలకు, మొగ్గలకు, బెరడుకు అలవాటుపడి ఉంటాయి. మేత మారితే అవి కూడా మారాలి. అందుకు రెండు మూడు వారాలు పడుతుంది. అంతలో ఎవరో దయగలవారు బుట్టెడు మొక్కజొన్నలు పోశారనుకోండి. ఆకలిగొన్న దుప్పి ఆబగా తింటుంది. ఆ గింజలు ఒక్కసారిగా పులిసి, కడుపంతా ఆమ్లమవుతుంది. ఒకటి రెండు రోజుల్లో, నిండు కడుపుతోనే చచ్చిపోతుంది!

మరొక అపాయం కూడా ఉన్నది. మేత పోసిన చోట దూరదూరపు దుప్పులన్నీ ఒకచోట మూతులు పెడతాయి. ఒకదాని చొంగ మరొకదానికి అంటుతుంది. అమెరికాలో దుప్పుల మెదడును క్షీణింపజేసే ఒక రోగం ఉన్నది. దానికి మందు లేదు. అందువల్ల మిన్నెసోటాతో సహా అనేక రాష్ట్రాలు చాలా ప్రాంతాల్లో దుప్పులకు మేత పోయటాన్ని నిషేధించాయి.

ఈ సంగతి చెప్పినప్పుడు నా భార్య, “అయితే ఊకె చూసుకుంట ఉండాల్నా?” అని అడిగింది. ఊరికే చూడటం కాదు. వాటి చెట్లను వాటికి ఉంచాలి. అది పెద్ద సహాయం.

చెట్టు దిగని కోళ్లు

టర్కీ కోళ్ల సంగతి కూడా వినండి. మన ప్రాంతంలో కొందరు ఇండ్ల దగ్గర పెంచే సీమకోడి ఈ జాతిదే. దీని అడవి బంధువులు ఉత్తర అమెరికాలో నివసిస్తాయి. వేట వల్ల, అడవులు నరకటం వల్ల అవి మిన్నెసోటాలో పూర్తిగా కనుమరుగయ్యాయి. 1970వ దశకంలో మిస్సోరి రాష్ట్రం నుండి అడవి పక్షులనే పట్టి తెచ్చి వదిలితే, అవి మరల పిల్లాపాపలతో విస్తరించాయి.

ఈ పక్షికి చలి అంతగా శత్రువు కాదు. మెత్తని లోతైన మంచే శత్రువు. కాళ్లు దిగబడిపోయి నడవలేదు. నేలను గీరి గింజలేరుకోలేదు. అప్పుడేం చేస్తుంది? చెట్టెక్కి కూర్చుంటుంది. ఈకలను ఉబ్బించి, తల ముడుచుకుని, కదలకుండా ఉండిపోతుంది. బలమైన పక్షి వారం రోజులకు పైగా ఏమీ తినకుండా అలా గడపగలదు. మంచు గట్టిపడిన తరువాత దిగి, దుప్పులు త్రొక్కిన దారుల్లో నడుస్తుంది. దుప్పులు గిట్టలతో మంచును త్రవ్విన చోట్ల మిగిలిన గింజలు ఏరుకుంటుంది. పెద్ద జంతువు తన కోసం త్రొక్కిన దారి చిన్న ప్రాణికి కూడా జీవనమార్గమైంది!

మన చలికాలం – ఎండాకాలమే

“మరి మన దేశంలో జింకలకు ఇటువంటి కష్టం లేదు గదా” అని మీరనవచ్చు. నేనూ అలాగే అనుకున్నాను. హైదరాబాదులో చలి ఏపాటిది? ఇక్కడ నమోదైన అత్యల్ప ఉష్ణోగ్రత 1946 జనవరిలో 6.1 డిగ్రీలు. అది మిన్నెసోటావారికి చలి క్రిందే లెక్క కాదు.

కాని ప్రతి దేశానికి ఒక కఠినమైన ఋతువు ఉంటుంది. మనకది ఎండాకాలం. 1966 జూన్ 2న హైదరాబాదులో 45.5 డిగ్రీల ఎండ కాసింది. 2015 మే నెలలో వడగాడ్పులకు తెలుగు రాష్ట్రాలు రెండింటిలో కలిపి రెండువేల మందికి పైగా మనుష్యులే చనిపోయారు. ఇల్లు, కుండ, గొడుగు ఉన్న మనుష్యుల గతి ఇలా ఉంటే, నీడ లేని బీళ్లలో తిరిగే జింక గతి ఏమిటి? అక్కడ మంచు మేతను కప్పివేస్తుంది. ఇక్కడ ఎండ మేతను కాల్చివేస్తుంది. అక్కడ నీళ్లు గడ్డకడతాయి. ఇక్కడ నీళ్లు ఇంకిపోతాయి. ఆకలి మాత్రం ఒక్కటే.

మే నెలాఖరున మా తమ్ముని కుమార్తె పెండ్లికి అమ్మాయి, మనవడు వచ్చారు. రోహిణి కార్తె ఎండలు. ఒకనాటి ఉదయం వాణ్ణి తీసుకుని ఉప్పల్, నాగోలు, ఎల్బీ నగర్ మీదుగా వనస్థలిపురం వెళ్లాము. ఉప్పల్ రింగు రోడ్డు నుండి పది పన్నెండు కిలోమీటర్లు. విజయవాడ రహదారి ప్రక్కనే మహావీర్ హరిణ వనస్థలి ఉన్నది. ఒకప్పుడు ఇది నైజాము నవాబుల వేటస్థలం. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సరానికి గుర్తుగా 1975లో ఆ పేరు పెట్టారు. 1994లో జాతీయ వనంగా ప్రకటించారు. విస్తీర్ణం మూడువేల ఆరువందల ఎకరాల పైచిలుకు. వేటాడిన చోటే శరణిచ్చిన చోటైంది!

నిప్పులు చెరిగే ఎండలో కృష్ణజింక

అక్కడ తుమ్మచెట్ల నీడలో కృష్ణజింకల మంద పడుకుని ఉన్నది. పోతుజింక నల్లని వీపు, తెల్లని పొట్ట, మెలితిరిగిన పొడవాటి కొమ్ములు చూసి మనవడు ఉక్కిరిబిక్కిరయ్యాడు. కాసేపటికి, “తాతయ్యా, ఇంత ఎండలో ఇవేం తాగుతాయి?” అని అడిగాడు. జనవరిలో వాళ్ల అమ్మమ్మ అడిగిన ప్రశ్నకు ఇది కవల ప్రశ్న!

కృష్ణజింక నీరు దొరికినప్పుడు ప్రతిదినము త్రాగుతుంది. దొరకనప్పుడు తినే మేతలోని తేమతో చాలాకాలం గడపగలదు. దాని నియమం చూడండి. తెల్లవారుజామున, సాయంకాలం మేస్తుంది. ఎండ ముదిరినప్పుడు నీడలో పడుకుని నెమరువేస్తుంది. ఎండలు మరీ మండిపోతే రాత్రివేళ కూడా మేస్తుంది. పరుగెత్తితే గంటకు ఎనభై కిలోమీటర్ల వేగం అందుకోగల జంతువు, మధ్యాహ్నం వేళ అడుగు తీసి అడుగు వేయదు. శక్తి ఉన్నా ఖర్చు చేయదు.

పెంటికలు గట్టిగా పొడిగా ఉంటాయి, మూత్రం చిక్కగా ఉంటుంది. నీటిబొట్టు వృథా పోదు. నెమరువేసే జంతువు మొదటి కడుపులో నీరు చాలా నిలువ ఉంటుంది. అది దానికి లోపలి కుండ. ఇంకా ఒక వింత. జింకలు, గొర్రెలు, దుప్పులు మొదలైన చీలిన గిట్టల జంతువులలో మెదడుకు అడుగున సన్నని రక్తనాళాల వల ఒకటి ఉంటుంది. ముక్కులోని తడి పొరల మీద గాలి తగిలి చల్లబడిన రక్తం ఆ వల చుట్టూ ప్రవహిస్తుంది. మెదడుకు పోయే వేడి రక్తం అక్కడ కొంత చల్లబడుతుంది. దానివల్ల చెమటకు, రొప్పుకు ఖర్చయ్యే నీరు మిగులుతుంది. ఈ చిన్న ప్రాణి ముక్కులో ఇంతటి ఏర్పాటు ఉన్నదని తెలిసినప్పుడు నేను కాసేపు మౌనంగా ఉండిపోయాను.

గడ్డి ఎండిపోయిన తరువాత తుమ్మకాయలు ఆదుకుంటాయి. మనం తిట్టుకునే సర్కారు తుమ్మ కాయలు కూడా తియ్యగా, బలంగా ఉంటాయి. జింకలు ఏరుకుని తింటాయి. అయితే పేడతో పాటు గింజలను బీళ్ల నిండా చల్లుతాయి. ఆ ముళ్లు పెరిగి గడ్డి నేలను మింగివేస్తాయి. ఈ యేటి ఆకలి తీర్చిన చెట్టే రాబోయే యేళ్ల మేతను తగ్గిస్తుందన్నమాట.

దుప్పికి చెట్లు వడ్డించే విందు

కృష్ణజింక వేరు, దుప్పి వేరు. కృష్ణజింక కొమ్ములు రాలవు. దుప్పి కొమ్ములు కొమ్మల్లా చీలి ఉంటాయి, ఏటేటా రాలి కొత్తవి మొలుస్తాయి. ఒంటి మీద తెల్లని చుక్కలుంటాయి. ఆంధ్రప్రదేశ్‌కు రాష్ట్ర జంతువు కృష్ణజింక. తెలంగాణ ఏర్పడిన తరువాత 2014లో దుప్పిని మన రాష్ట్ర జంతువుగా ఎన్నుకున్నారు.

కృష్ణజింక వలె దుప్పి నీటికి దూరంగా ఉండలేదు. ఎండాకాలంలో ప్రతిదినము నీటి దగ్గరకు రావలసినదే. 42వ కీర్తనలో కీర్తనకారుడు దేవుని కొరకైన తన ఆశను దేనితో పోల్చాడో మనకందరికీ తెలుసు. రోహిణి కార్తెలో దుప్పుల గుంపు ఎండిన గుంట దగ్గర నిలబడటం చూస్తే ఆ పోలిక ఎంత నిజమో తెలుస్తుంది.

మేత విషయంలో అడవి ఒక మేలు చేస్తుంది. మన అడవుల్లో చాలా చెట్లు వానకోసం ఆగకుండా ఎండల్లోనే పూస్తాయి. మోదుగ పూలు రాలుతాయి. ఆ వెనుక ఇప్పపూలు రాలుతాయి. తునికిపండ్లు, మేడిపండ్లు వస్తాయి. నేల మీద గడ్డి లేనప్పుడు పైనుండి విందు రాలుతుంది. కొండముచ్చులు కొమ్మల మీద సగం తిని సగం పారవేసే ఆకులూ కాయలూ దుప్పులకు ఆహారం. అందుకే కొండముచ్చుల గుంపు క్రింద దుప్పులు తిరుగుతుంటాయి. అక్కడ మంచులో టర్కీ కోడి దుప్పి వెంట నడిచినట్లే, ఇక్కడ ఎండలో దుప్పి కొండముచ్చు వెంట నడుస్తుంది.

టర్కీకి దగ్గరి చుట్టం మన నెమలి. రెండూ కోడి కుటుంబమే. నాచారానికి దగ్గరలోని ఉస్మానియా విశ్వవిద్యాలయం ఆవరణలో నెమళ్లున్నాయి. పక్షులకు చెమట పట్టదు. నోరు తెరచి, గొంతు ఆడించి వేడి వదులుకుంటాయి. పగలు పొదల నీడలో మట్టిలో పొర్లుతూ గడిపి, చల్లని వేళ మేతకు బయలుదేరతాయి. రాత్రి టర్కీల వలెనే ఎత్తయిన చెట్లెక్కుతాయి.

మనం మూసివేసిన దారి

ఇంతవరకు చెప్పినవన్నీ ఆ ప్రాణులు తమ ఒంట్లోనే మోసుకు తిరిగే ఏర్పాట్లు. కాని వీటన్నింటికంటె పాతది, బలమైనది మరొకటి ఉన్నది. అదేమిటంటే, లేచి వెళ్లిపోవటం. ఇక్కడ గడ్డి లేకపోతే వాన పడిన చోటికి, చెరువు ఎండిపోతే ఏటి ఒడ్డుకు వెళ్లటం. తెల్లతోక దుప్పి దేవదారుల క్రిందికి వెళ్లినట్లే, కృష్ణజింక కూడా పచ్చిక వెతుక్కుంటూ వెళ్లేది.

ఇప్పుడెక్కడికి వెళ్తుంది? హరిణ వనస్థలికి ఒక ప్రక్క జాతీయ రహదారి. మిగిలిన ప్రక్కల కాలనీలు. చుట్టూ గోడ. ఆ గోడ లేకపోతే వాహనాల క్రింద, కుక్కల నోట పడి అవి ఏనాడో అంతరించేవి. గోడ రక్షిస్తున్నది, నిజమే. కాని గోడ లోపలి గుంట ఎండిపోతే మరొక గుంటకు పోయే దారి లేదు. ఉప్పల్ ప్రాంతమే చూడండి. మూసీ ఒడ్డున ఉప్పల్ భగాయత్ ఉన్నది. భగాయత్ అంటే తోటల భూమి అని అర్థం. ఇప్పుడక్కడ లేఅవుటు రోడ్లున్నాయి. నాచారం పెద్ద చెరువు, ఉప్పల్ నల్ల చెరువు చుట్టూ ఇండ్లు నిండిపోయాయి. ఆ ఇండ్లలో మా ఇల్లూ ఒకటి. ఎవరినో నిందించటానికి నాకు నోరు లేదు.

2025 ఏప్రిల్‌లో నగరానికి పడమటి వైపున కంచ గచ్చిబౌలిలో చెట్లు కొట్టినప్పుడు అక్కడి దుప్పుల, నెమళ్ల సంగతి దేశమంతటా చర్చకు వచ్చింది. సుప్రీంకోర్టు ఆ పనులు ఆపించింది. నగరంలో మిగిలిన పచ్చని ముక్కలు ఎంత విలువైనవో అప్పుడు చాలామందికి తెలిసింది.

మరి గోడలు లేని చోట? నారాయణపేట జిల్లాలో మక్తల్, మాగనూరు, కృష్ణ మండలాల రైతులనడగండి. అక్కడ కృష్ణజింకలు మందలుగా తిరుగుతాయి. మొలకెత్తిన పత్తిని, కందిని మేసిపోతాయి. రైతు మరల విత్తనం కొనాలి. రాత్రంతా కాపలా కాయాలి. జింక మీద చేయి చేసుకుంటే 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం నేరం. జింకదీ ఆకలే, రైతుదీ ఆకలే. పట్నంలో కూర్చుని జింకను ముద్దుచేసే మనం ఆ రైతు కష్టాన్ని మరువకూడదు.

విజ్ఞానం కొంత సహాయం చేయగలదు. ఉప్పల్ రోడ్డులోని సి.సి.ఎం.బి. సంస్థ శాస్త్రజ్ఞులు కృత్రిమ పద్ధతిలో 2006లో ఒక దుప్పి పిల్లను, 2007లో ఒక కృష్ణజింక పిల్లను పుట్టించారు. గొప్ప సంగతే! అయితే పుట్టిన పిల్ల మేయటానికి బీడు, త్రాగటానికి గుంట ఏ ప్రయోగశాలలోనూ తయారు కావు. అదే రోడ్డులోని ఎన్.జి.ఆర్.ఐ. శాస్త్రజ్ఞులు మన నేల క్రింది నీటిని పరిశోధిస్తారు. మనది నల్లరేగడి క్రింద లోతుగా నీరు దాచుకునే నేల కాదు, గ్రానైటు రాతి నేల. రాయి చివికిన పై పొరలోను, దాని క్రింది పగుళ్లలోను మాత్రమే నీరు నిలుస్తుంది. వానాకాలంలో ఇంకనిస్తేనే వేసవిలో ఉంటుంది. అటవీశాఖవారు ఎండాకాలంలో పళ్లెం ఆకారపు సాసర్ గుంటలు కట్టించి నీటితో నింపటం, ఉప్పు గడ్డలు పెట్టటం చేస్తుంటారు. గోడ కట్టి దారి మూసిన తరువాత నీరు మోయటం మన బాధ్యతే గదా!

ఒక లేడిపిల్ల కథ

వనస్థలి నుండి తిరిగి వస్తుండగా నా భార్య మౌనంగా ఉన్నది. ఇంటికి వచ్చాక మనవడిని దగ్గర కూర్చోబెట్టుకుని ఒక సంగతి చెప్పింది. నలభై యేళ్ల కాపురంలో నాకూ చెప్పని సంగతి.

ఆమెకప్పుడు ఎనిమిదేళ్లు. నల్గొండ జిల్లాలో వాళ్ల పల్లె. ఎండాకాలం. వాళ్ల నాయన చేను దున్నుతుంటే జొన్న కొయ్యల మధ్య ఒక లేడిపిల్ల ముడుచుకుని పడుకుని ఉన్నది. తల్లి లేదనుకుని ఇంటికి తెచ్చాడు. పిల్లలంతా సంబరపడి గుడ్డ పీలికతో బర్రెపాలు త్రాగించారు. మూడవ నాడు అది చనిపోయింది. “తల్లి వదిలిపెట్టిపోయింది, పాపం మనమన్న సాకితిమి” అని పెద్దలన్నారు. కాని పొరుగు చేను ముసలాయన ఒక మాటన్నాడట. రెండు సాయంత్రాలు ఒక లేడి అదే చేను గట్టు మీదికి వచ్చి నిలబడి చూసి పోయిందని.

“అప్పుడు నాకు సమజ్‌కాలే బిడ్డా” అన్నది ఆమె. “గా తల్లి దాన్ని ఇడిచిపెట్టలేదు. మేమే ఎత్తుకొచ్చినం.”

అవును. లేడి ఈనిన తరువాత తన పిల్లను గడ్డిలో దాచి, తాను దూరంగా మేస్తుంది. తన వాసనతో శత్రువు పిల్ల దగ్గరకు రాకూడదని దాని జాగ్రత్త. వేళకు వచ్చి పాలిచ్చి మరల వెళ్తుంది. ఒంటరిగా పడుకున్న పిల్ల అనాథ కాదు. యిర్మీయా గ్రంథము 14వ అధ్యాయములో ఘోరమైన కరవు వర్ణన ఉన్నది. అక్కడ లేడి గడ్డి లేనందున ఈనిన పిల్లనే విడిచిపోయిందని చదువుతాము. పిల్లను విడవటం లేడికి సహజం కాదు గనుకనే ప్రవక్త దానిని కరవు భయంకరత్వానికి గుర్తుగా చెప్పాడు.

మనవడు చాలాసేపు ఆమె చేయి పట్టుకుని కూర్చున్నాడు. “నీకు తెలియదు కదా అమ్మమ్మా” అన్నాడు. వాళ్ల టీచరు చెప్పినది, ఈమె అరవై యేళ్లు మోసినది ఒక్కటే పాఠం. ప్రేమ ఉంటే చాలదు. ఆ ప్రాణి ఎలా బ్రతుకుతుందో తెలుసుకున్న ప్రేమ కావాలి.

మన ఇంట, మన చేనిలో

ప్రియ పాఠకులారా, ముఖ్యముగా పల్లెలలో నివసించే సోదరీ సోదరులారా, రాబోయే ఎండాకాలానికి ఈ కొద్దిపాటి సంగతులు జ్ఞాపకముంచుకోండి.

జింకలకు, దుప్పులకు అన్నం, రొట్టె, గింజలు పెట్టకండి. వనాలకు వెళ్లినప్పుడు పిల్లల చేతిలోని బిస్కెట్లు సంచిలోనే ఉండనివ్వండి.

పొలాల్లో లేడిపిల్ల ఒంటరిగా కనబడితే ముట్టుకోకండి. కుక్కలను ప్రక్కకు పిలుచుకుని దూరంగా వెళ్లండి. దెబ్బ తగిలినదైతే అటవీశాఖవారికి తెలియజేయండి.

వరలు లేని పాత బావుల చుట్టూ గోడైనా, ముళ్లకంపైనా వేయండి. నీటి వాసనకు వచ్చి బావిలో పడే జింకలు, నెమళ్లు ఎన్నో.

చేను గట్టు మీద, ఊరికి దూరంగా వీలైతే లోతులేని నీటి తొట్టి ఒకటి పెట్టండి. చిన్న ప్రాణులు మునిగిపోకుండా అందులో ఒకటి రెండు రాళ్లు వేయండి. నీరు తరచుగా మార్చండి.

వేసవిలో గట్ల గడ్డికి నిప్పు పెట్టకండి. ఆ ఎండుగడ్డే వాటి కడపటి మేత, పిల్లలకు దాపు.

మోదుగ, ఇప్ప, తునికి, మేడి చెట్లను నరకకండి. అవి ఎండాకాలపు వడ్డనకారులు.

మనవడు తిరిగి అమెరికా వెళ్లాడు. జూన్‌లో వానలు పడ్డాయి. మా మేడ మీద నా భార్య పెట్టిన మట్టి మూకుడు దగ్గరకు పిచ్చుకలు, గోరింకలు వస్తున్నాయి. నాచారంలో జింకలు రావు గాని, దాహం అందరిదీ ఒక్కటే.

మరల జనవరి వచ్చింది. ఒక శనివారం రాత్రి ఫోను మ్రోగింది. ఈసారి ఆమె మేత సంగతి ఎత్తలేదు.

“ఆ చెట్టు అట్లనే ఉన్నదా బిడ్డా?” అని అడిగింది.

“ఉన్నది అమ్మమ్మా. వాటి మీదే కూర్చున్నాయి చూడు” అని వాడు ఫోను కిటికీ వైపు త్రిప్పాడు.